కుర్చీ ఆపిన పదకొండు లైన్లు

సోమవారం పొద్దున్నే మా మేనేజరు గొన్సాలో నాకు పంపిన పనులివి:

పాత లైసెన్సు ఫైలు తీసేసి కొత్తది పెట్టాలి.
రాసినవాళ్ళ పేర్ల జాబితా తీసెయ్యాలి.
వెబ్‌సైటులో ‘ఉచితం’ అన్న మాట ఉన్నచోటల్లా చెరిపెయ్యాలి.
అన్సీనాకి బస్సు టిక్కెట్టు కొనాలి.
అక్కడ ఎల్బియా తెచేరా అనే ఆవిడ చేత సంతకం పెట్టించుకోవాలి.
శుక్రవారానికి బొగ్గులు తేవాలి.

చివరిది ఎందుకంటే, శుక్రవారం మధ్యాహ్నం మా ఆఫీసు మేడ మీద అందరం కలిసి మాంసం కాల్చుకుంటాం.

మా దేశ రాజధాని మాంటెవీడియోలో ఆ కంపెనీలో చేరి అప్పటికి పధ్నాలుగు నెలలు. మా నాన్న తకువారెంబోలో మాంసం ఫ్యాక్టరీలో పశువుల తోళ్ళు ఒలిచేవాడు. మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటిదాన్ని నేనే. చెప్పిన పని చెప్పినట్టు చెయ్యడం నాకు అలవాటు. ఎందుకని అడగడం ఆలస్యంగా నేర్చుకున్నాను.

టెరో అనేది డయాలిసిస్ కేంద్రాల కోసం రాసిన ప్రోగ్రాము. ఏ రోగి ఏ గంటకు ఏ కుర్చీలో కూర్చోవాలో అది చెబుతుంది. పదహారేళ్ళ కిందట ఇద్దరు మాస్టర్లు మొదలుపెట్టి అందరికీ వదిలేశారు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చినది ఎవరికిచ్చినా అదే స్వేచ్ఛతో ఇవ్వాలి. అదొక్కటే షరతు. అలా నలభై ముగ్గురి చేతులు దాని మీద పడ్డాయి. ఎవరూ జీతం అడగలేదు. మా కంపెనీ దాన్ని ఊరూరా కేంద్రాల్లో అమర్చిపెట్టే పనితోనే పెద్దదైంది. ఇప్పుడు ఆ షరతు పీకేసి, టెరోకి తాళం వేసి, పది ఊళ్ళలో ఆసుపత్రులున్న ఒక సంస్థకి అమ్మాలనుకుంది.

అయితే మా వృత్తిలో ఒక కట్టుబాటు ఉంది. షరతు మార్చాలంటే రాసిన ప్రతి ఒక్కరూ ఒప్పుకోవాలి. వెయ్యి లైన్లు రాసినా, ఒక్క లైను రాసినా మాటకి విలువ ఒకటే. నలభై ఇద్దరు సంతకాలు పెట్టారు. మిగిలింది ఎల్బియా. ఆవిడ రాసినవి పదకొండు లైన్లు.

అన్సీనాలో దిగేసరికి కుండపోత వాన. వాన పడితే మా దేశంలో పిండి పూరీలు వేయించని ఇల్లుండదు. ఆవిడ తలుపు తీసి నన్ను ఎగాదిగా చూసి, మూకుడు దగ్గరికే తీసుకెళ్ళింది.

“కూర్చో తల్లీ. తడిసి ముద్దయ్యావు. ముందు తిను, తర్వాత మోసం చేద్దువుగాని.”

“మోసం ఏముందండీ డోన్యా ఎల్బియా? ఒక్క సంతకమే.” పెద్దావిడల్ని మేము గౌరవంగా డోన్యా అంటాం.

“ఒక్క సంతకానికి ఇంత దూరం బస్సులో పంపారంటే అది చిన్నదేం కాదులే.”

ముప్పై ఏళ్ళు నర్సుగా చేసింది ఆవిడ. ప్రోగ్రాము రాయడం యాభై నాలుగో ఏట నేర్చుకుందట. మేము రోజంతా తాగే చేదు ఆకు కషాయం, మాతె, పోసిచ్చి అడిగింది:

“నా లైన్లు చదివావా?”

“చదివానండి. కంఠతా వచ్చు.”

“పైన ఒక పేరుంటుంది, చూశావా?”

చూశాను. ‘అపరీసియో కోసం. బస్సు ఆలస్యమైతే అది మనిషి తప్పు కాదు’ అని ఉంది. ఎవరో బంధువనుకున్నాను.

“బంధువు కాదు పిల్లా, రోగి. అపరీసియో ఫగుందెస్. గొర్రెల బొచ్చు కత్తిరించేవాడు. వారానికి మూడుసార్లు బస్సెక్కి డయాలిసిస్‌కి వచ్చేవాడు. ఒకరోజు వాగు పొంగి బస్సు నలభై నిమిషాలు ఆగిపోయింది. ఆయన వచ్చేసరికి కంప్యూటరు ఆ కుర్చీ ఇంకొకరికి ఇచ్చేసింది. పైగా ‘రోగి రాలేదు’ అని రాసుకుంది. ‘ఎల్లుండి రండి అపరీసియో’ అని నా నోటితో నేనే చెప్పి పంపాను. సరేనని టోపీ పెట్టుకుని వెళ్ళాడు. ఎల్లుండికి ఆయన లేడు.”

మూకుడులో పూరీ మాడుతుంటే తీసి పక్కన పెట్టింది.

ఆ పదకొండు లైన్లు చేసే పని ఇంతే. రోగి రాకపోతే ఆయన ఎక్కాల్సిన బస్సు చేరిందో లేదో చూస్తాయి. చేరకపోతే తొంభై నిమిషాలు ఆ కుర్చీ ఎవరికీ ఇవ్వవు.

“సంతకం పెడతాను. నా పేరు తీసేసినా నాకేం బాధ లేదు. ఒక్కటి చెప్పు. ఆ తొంభై నిమిషాలు ఉంటాయా?”

నాకు తెలియదు. తెలియదన్నాను. గొన్సాలోకి ఫోను చేశాను. రేకుల మీద వాన చప్పుడుకి వినబడక స్పీకరు పెట్టాను.

“ఉంటాయని చెప్పు” అన్నాడతను.

“ఉంటాయా?”

“చెప్పమంటున్నాను కదా యానీనా! కొనేవాళ్ళు పదిహేను నిమిషాలు చాలంటున్నారు. ఖాళీ కుర్చీ వాళ్ళకి నష్టం. ఆ ముసలావిడకి ఇదంతా ఎందుకు?”

ముసలావిడ అంతా విన్నది. నాకు తల కొట్టేసినట్టయింది.

“టెరో పిట్టని చూశావుగా తల్లీ, అరిచేది ఒకచోట, గుడ్లు పెట్టేది ఇంకోచోట. ఆ పేరు ప్రోగ్రాముకి కాదు, మీ కంపెనీకే బాగా కుదురుతుంది” అని నవ్వి, సంతకం పెట్టకుండానే కాగితం మడిచి నా సంచిలో పెట్టింది. తిరుగు ప్రయాణానికి నాలుగు పూరీలు కూడా పెట్టింది.

బుధవారం మా కంపెనీ లాయరు లుసీలా దారి చూపించింది. ఎల్బియా ఒప్పుకోకపోతే ఆవిడ లైన్లు తీసేసి కొత్తవి రాసుకోవచ్చు. కాకపోతే కొత్తగా రాసేవాళ్ళు పాతవి చూసి ఉండకూడదు. చూసి రాస్తే కాపీ, చూడకుండా రాస్తే సొంతం. మా జట్టులో తొమ్మిది మంది చూడలేదని కాగితం మీద సంతకాలు చేశారు. చూసినదాన్ని నేనొక్కదాన్నే. అందుకని ఆ లైన్లు ఏం చెయ్యాలో మామూలు మాటల్లో నేను రాసివ్వాలట, పదిహేను నిమిషాలని పెట్టి.

ఒళ్ళు మండిపోయింది. ఇంత చదువు చదివింది ఇందుకా? ఒక రోగి పోయాక ఓ నర్సు కన్నీళ్ళతో నేర్చుకున్నదాన్ని నా చేత చిలక పలుకుల్లా పలికించి, పేరు చెరిపి, ఆరో వంతు చేసి అమ్ముతారా? అడిగితే గొన్సాలో “ఇది వ్యాపారం, చర్చి కాదు” అన్నాడు. రెండు రాత్రులు ఆలోచించాను. రాసివ్వలేదు.

శుక్రవారం బొగ్గులు తెచ్చాను. అది నా పనే కదా. మాంసం ఎర్రబడుతుండగా అందరూ పొయ్యి చుట్టూ చేరారు. నేను బల్ల పక్కన నిలబడి, ఎల్బియా లైన్లు మొదటి నుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టాను.

“అపరీసియో కోసం. బస్సు ఆలస్యమైతే అది మనిషి తప్పు కాదు. మొదటి లైను: రోగి రాకపోతే…”

లుసీలా చేతిలో పళ్ళెం వదిలేసింది. “వినకండి! అందరూ చెవులు మూసుకోండి!”

“ఒక చేతిలో ఫోర్కు, ఇంకో చేతిలో గ్లాసు. దేంతో మూసుకోమంటారు డాక్టరు గారూ?” అన్నాడు మా జట్టులోని వాల్తెర్. మా దగ్గర లాయర్లని డాక్టరనే పిలుస్తారు.

“యానీనా, ఆపు! ఉద్యోగం పోతుంది!” గొన్సాలో అరిచాడు.

“పోనీండి. ఆరో లైను: బస్సు ఇంకా చేరకపోతే…”

పదకొండూ చదివాను. ఎవరూ చెవులు మూసుకోలేదు. వాల్తెర్ అయితే “ఎనిమిదోది మళ్ళీ చదువు, సరిగ్గా వినబడలేదు” అన్నాడు. చదివాను. ఆ మేడ మీద ఆ లైన్లు విననివాళ్ళు, అంటే కొత్తవి రాయడానికి పనికొచ్చేవాళ్ళు, ఇక ఒక్కరూ మిగల్లేదు. మాంసం మాత్రం మాడిపోయింది.

ఆ సాయంత్రమే నా గుర్తింపు కార్డు తీసుకున్నారు. గెలిచానని చెప్పను. ఇంకో దేశంలో ఎవరికో పని అప్పజెప్పి మూడు వారాల్లో రాయించుకున్నారు. ఇప్పుడు ఆ పది ఊళ్ళలో కుర్చీ ఆగేది పదిహేను నిమిషాలే. వాగులు మాత్రం పాత లెక్కనే పొంగుతున్నాయి. కంపెనీ ప్రకటనలో ‘సమాజానికి మా కానుక’ అని పెద్ద అక్షరాలతో వేశారు. సమాజం ఇచ్చినదాన్ని సమాజానికే అమ్ముతూ, కానుకట! ఏ ముఖం పెట్టుకుని రాశారో.

అయితే పాత టెరోకి తాళం వెయ్యడం వాళ్ళ తరం కాలేదు. ఒకసారి అందరికీ ఇచ్చింది అందరిదే. నాలుగు చిన్న సహకార కేంద్రాలు దాన్నే వాడుతున్నాయి. సాయంత్రాలు నేనూ, వాల్తెర్, అన్సీనా నుంచి డోన్యా ఎల్బియా దాని బాగోగులు చూసుకుంటున్నాం. ఆవిడ నా తప్పులు పట్టుకుని ఫోనులో తిడుతుంది.

కొత్తదాంట్లో మాత్రం లైన్ల పైన రాసిన ఆ మాట లేదు. ఆ పేరు ఎక్కడా లేదు. ఎల్బియా తన పేరు ఉంచమని అడగలేదు, ఆయన పేరు చూశావా అని అడిగింది. కనుక ఇది చదివిన మీరు ఆయన్ని గుర్తుపెట్టుకోండి. అపరీసియో ఫగుందెస్, గొర్రెల బొచ్చు కత్తిరించేవాడు. ఆ రోజు ఆయన రాలేదని కంప్యూటరు రాసుకుంది. ఆయన వచ్చాడు.