కుమారమ్మ పడవ నడిపిన రోజు

ఆడమనిషి పడవ నడిపితే జనం భయపడతారని తేల్చింది మీరే కౌశిక్ గారూ! ఎవరు భయపడ్డారు? ఎవర్ని అడిగారు? కుమారమ్మకి పరీక్ష పెట్టి లైసెన్సు ఇచ్చింది సర్కారు. ఏడాదిగా ఆ చేతికి పడవని రేవుకి కట్టే తాడు తప్ప మరోటి అందకుండా చేసింది మీరు, తంజోంగ్ పగార్‌లో మీ షికారు పడవల కంపెనీ ఆఫీసులో ఏసీ కింద కూచుని.

ఆ ఆదివారం పొద్దున కూడా ఏటి ఒడ్డున క్లార్క్ కీ రేవులో కుమారమ్మ ఆ తాడే చుట్టుకుంటోంది. పొట్టి మనిషి, భుజాలు వెడల్పు. అరచేతులు కొబ్బరిపీచులా గరుకు. నెరిసిన జడని ముడేసి టోపీ కింద దోపుకుంది. పడవ ముక్కుకి రెండువైపులా రంగులతో వేసిన కళ్ళుంటాయి. వాటిని తడిగుడ్డతో తుడిచింది. కళ్ళు తుడవందే పడవకి దారి కనపడదని పాత రేవుమనుషుల మాట. నమ్ముతుందా అంటే నమ్మదు. తుడవకుండా ఉంటుందా అంటే ఉండదు.

డ్రైవరు సూరిబాబు మెట్టుమెట్టుకీ ఆగుతూ దిగొచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. ఇద్దరి తాతలూ విశాఖపట్నం వైపునించి ఓడెక్కి సముద్రం దాటి ఇక్కడి రేవు పనికొచ్చినవాళ్ళే. చుట్టరికం లేకపోయినా ఆమెకి ఆయన మామే. ఇవాళ మామ మొహం బూడిదగుమ్మడిలా ఉంది.

"ఏటి మామా, అలాగున్నావు?"

"గేసులేవే గుంటా. కౌశిక్‌కి ఫోన్ చేశాను. ఒంట్లో బాగులేదు, ఇయ్యాల కుమారమ్మ నడుపుతాది, నేను పక్కన కూకుంటానని చెప్పాను."

ఆమె చేతిలో తాడు ఆగిపోయింది. "ఏమన్నాడు?"

"రోజంతా బుక్ చేసుకున్న పార్టీ, కస్టమర్లు భయపడతారు అంకుల్ అన్నాడు. అంకులంట, అంకులు! నాకేదో మేనల్లుడైనట్టు!"

నవ్వబోయి రొమ్ము పట్టుకున్నాడు. మళ్ళీ గేసే అన్నాడు.

కస్టమర్లు వచ్చారు. బెడోక్ పేట నుంచి ముప్పై మంది, పులిహోర గిన్నెలు, పాటలపెట్టె, సిల్కు చీరలు. వసుంధర గారికి అరవయ్యో పుట్టినరోజు. ఆవిడ పడవలో కాలు పెడుతూనే నీళ్ళకి దణ్ణం పెట్టింది. ఇంజను దడదడమంది, అంతే, ఇక ఎవరూ కుదురుగా కూచోలేదు. రాబర్ట్‌సన్ కీ దాకా ఎగువకి పోయారు, వచ్చారు. పిల్లలు ప్రతి వంతెన కిందా అరిచి ప్రతిధ్వని విన్నారు. మధ్యాహ్నం మకాన్, అదే భోజనం, అయ్యింది. "నువ్వు తిన్నావా అమ్మాయ్?" అని వసుంధర గారు కుమారమ్మ చేతిలో పూర్ణం బూరె పెట్టింది. అప్పుడు దిగువకి, ఏరు కలిసే మెరీనా బే వైపు మళ్ళించాడు సూరిబాబు.

కావెనా వంతెన దగ్గరపడింది. వసుంధర గారు ఒక్కసారి లేచింది.

"అయ్యో, డబ్బు వెయ్యలేదర్రా! గోదావరి దాటితే వెయ్యకుండా ఊరుకుంటామా? ఇదీ నదే కదా, తియ్యండి చిల్లర!"

"నాట్ అలౌడ్ లా, అమ్మమ్మా! ఫైన్ వేస్తారు!" అని మనవరాలు గోల.

ఎవరు వింటారు? పర్సులు తెరిచారు. ముప్పై మందీ ఒకే పక్కకి ఉరికారు. పడవ ఆ పక్కకి ఒరిగిపోయింది. సరిగ్గా అప్పుడే వంతెన కిందనించి ఇంకో పడవ ముక్కు బయటికొచ్చింది. సూరిబాబు చెయ్యి స్టీరింగు మీదనించి జారి ఒళ్ళో పడింది.

కుమారమ్మ బల్లల మీదినించే దూకింది. మామని భుజంతో పక్కకి జరిపి స్టీరింగు అందుకుంది.

"డుడుక్! డుడుక్! కూచోండర్రా! గంగమ్మ ఎక్కడికీ పోదు, ముందు మీరు పోతారు!"

దబ్బున కూచున్నారు. అటు పడవ, ఇటు గట్టు రాయి. రాయి మీది పాచి వాసన మొహానికి తగిలేంత దగ్గరగా పోయింది పడవ. దేనికీ రాసుకోలేదు. వంతెన నీడ దాటి ఎండలో పడ్డారు. ఈలలు, చప్పట్లు! వసుంధర గారి పిడికిట్లో నాణెం అలాగే ఉంది.

"ఇంత చేతనైనదానివి, నిన్ను తాడు పట్టుకోమన్నదెవరమ్మా?"

కుమారమ్మ మామని చూసింది. "రేవుకి పోదాం, ఆస్పత్రికి పోదాం."

"చెయ్యి జారిందే, అంతే. ఇక్కడ పడవ తిరగదు. బేలోకి పోయి తిప్పుకో. ఇయ్యాల నువ్వు డ్రైవరువి, తాడు నాది." చుట్టిన తాడు ఒళ్ళో పెట్టుకుని దర్జాగా కూచున్నాడు.

ఏరు ఒక్కసారిగా విచ్చుకుంది. ఎంత నీళ్ళు! ఎంత ఆకాశం! ఆమె వేగం పెంచింది. భయం ఉంది, మామ గురించి. ఆ భయం పక్కనే ఒంట్లో ప్రతి ఎముకా నవ్వుతోంది, ఏం చేస్తుంది? స్టీరింగు కింద ఇంజను వణుకు అరచేతుల్లోకి పాకి మోచేతుల దాకా వచ్చింది. పెద్ద చుట్టు తిప్పింది. తుంపర లేచి జనం మీద పడింది. పిల్లలు "అగైన్! అగైన్!" అన్నారు. అద్దాల మేడలన్నీ ఆమె చుట్టూ గిర్రున తిరిగాయి. వెనక్కి చూస్తే మామ కూడా నవ్వుతున్నాడు.

అన్నిటికన్నా దగ్గరున్న రేవుకి మళ్ళించింది. అంచుకి పడవ ఆనింది, గ్లాసులో నీళ్ళు తొణకనంత మెల్లగా.

"తాడెయ్యి మామా!"

తాడు రాలేదు.

"మామా?"

ఆయన వేళ్ళు తాడు చుట్టల మధ్యే ఉన్నాయి. కళ్ళు రెప్ప వెయ్యకుండా నీళ్ళమీదున్నాయి. కుమారమ్మ ఇంజను ఆపింది. ఆ వేళ్ళని ఒక్కోటీ విడదీసి, తాడు తీసుకుని, తనే విసిరి, తనే కట్టింది. ఎవరో అంబులెన్సుకి ఫోన్ చేస్తున్నారు. ఆమె వచ్చి ఆయన పక్కన కూచుని చెయ్యి పట్టుకుంది.

మర్నాడు మీరేం చేశారు కౌశిక్ గారూ? సంతాపమంటూ చేతులు జోడించిన బొమ్మతో మెసేజి పెట్టారు. సాయంత్రానికి కొత్త డ్రైవర్ని తెచ్చారు, మగాణ్ణి. కుమారమ్మకి మళ్ళీ తాడే. బాగులేదన్న ముసలాడికి సెలవు లేదు, నడపగల మనిషికి సీటు లేదు! భయపడతారన్న ముప్పై మంది చప్పట్లు కొట్టారు, అడగండి, బెడోక్ ఎంతో దూరం లేదు.

ఇక చాలు. ఒంట్లో బాగులేదన్న మనిషికి ఆ పూటే సెలవివ్వండి. రేపు మొదటి పడవ కుమారమ్మకివ్వండి. ఎల్లుండి కాదు, రేపు. డ్రైవరు సీటు కింద సూరిబాబు రబ్బరుచెప్పులు ఇంకా అలాగే ఉన్నాయి, మడమల దగ్గర అరిగిపోయి, ఒకదానిమీద ఒకటి. వాటిని తీసి పక్కన పెట్టాల్సింది ఆ కొత్తవాడు కాదు.