టోపీలో మేకు

నౌపడ ఉప్పుమడుల పక్కన నిలబడి నేను తీసిన కొలతలన్నీ తప్పని మా ధనరాజ్ సార్ తేల్చేశారు. భూమి అయస్కాంత బలాన్ని కొలిచే యంత్రం మాది. పొడవాటి కర్రకు తగిలించుకుని పొలాల్లో తిరుగుతాం. గుర్తు పెట్టుకున్న ఒకే రాయి దగ్గర సార్ కొలిస్తే ఒక అంకె, నేను కొలిస్తే దానికి ముప్పై ఎక్కువ. వారం నుంచి ఇదే గోల.

"రేపు కూడా ఇంతే అయితే నువ్వు ఆఫీసులో కూర్చో రేఖా. సర్వేకి వెంకటేష్ వస్తాడు," అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఈ సర్వే కోసం రెండేళ్లు ఎదురుచూశాను మరి!

ఇనుము దగ్గరుంటే ఆ యంత్రం అబద్ధాలాడుతుంది. ఆ మాత్రం నాకు తెలియదా? ఈ వారమంతా స్కూటీ రోడ్డు మీదే వదిలాను. ఫోను, వాచీ, జడపిన్నులు, చున్నీ పిన్నీసు అన్నీ ఊడదీశాను. జుట్టు విరబోసుకుని, పైన గుడ్డటోపీ పెట్టుకుని, హవాయి చెప్పులతో తిరుగుతుంటే ఉప్పు పనివాళ్లు పని ఆపి మరీ చూశారు. అయినా అదే ముప్పై.

ఆ సాయంత్రం, నాకు గది అద్దెకిచ్చిన దాలమ్మ పిన్ని అరుగు మీద కూలబడి ఏడ్చేశాను.

"ఏటయిందే? ఎవులేటన్నారు?"

చెప్పాను. ఇనుము మాట వినగానే ఆవిడ ముఖం పాలిపోయింది. నా టోపీ లాక్కుని అంచు కుట్లు పళ్లతో కొరికింది. వేలెడు మేకు ఒళ్లో పడింది.

"పోయిన ఆదివారం ఉతికినప్పుడు నేనే కుట్టినానే. మిట్టమద్దేనం ఒంటరిగా తిరుగుతన్నావు. గాలి సోకకుండా ఇనుముండాలి గదా!"

కోపం రావలసింది, నవ్వొచ్చింది. ఏడుపు మధ్యలోనే పకపకా నవ్వాను.

"నవ్వకే! మేకు నేకుండా నిన్నెళ్లనివ్వను."

"మేకుంటే నా పని పోతాది పిన్నీ."

ఆవిడ ఒళ్లోని మేకు తీసి గుప్పిట్లో పట్టుకుంది. "ఎంత దూరంలో ఉంటే దాని జోలికి రాదు?"

"యాభై అడుగులుంటే సాలు."

మర్నాడు సార్ కొలిచారు, తర్వాత నేను. రెండు అంకెలూ ఒకటే. సార్ నమ్మలేక మళ్లీ కొలిపించారు. మళ్లీ అదే!

"ఏం చేశావు రేఖా?"

నేను గట్టు వైపు చూపించాను. ఎండలో కొంగు నెత్తిన కప్పుకుని, మేకు గుప్పిట్లో పట్టుకుని దాలమ్మ పిన్ని కూర్చుని ఉంది.

"సరిపోయిందేటే?" అని అక్కణ్నుంచే కేకేసింది. "ఇంకా ఎనక్కి జరగమంటావా?"