తూములో పాట

దసరా పోయి మబ్బు పట్టిందంటే ఆత్మకూరులో రెబెకమ్మకు తప్ప అందరికీ హాయి. ఎండకు మాడిపోయిన ఊరు కదా, నాలుగు చినుకులు పడితే చాలని జనం పైకి చూస్తారు. రెబెకమ్మ మాత్రం కిందికి, రోడ్డు వైపు చూస్తుంది. రోడ్డు కింద తూములున్నాయి. వానలకు ముందే వాటిలో పూడిక తీయాలి. తీసేది ఆమె మొగుడు పిచ్చయ్య.

పూడిక తీయడమంటే దారిన పోయేవాళ్లకు పెద్ద విషయంగా కనిపించదు. కాలవ పక్కన నల్లటి బురద కుప్పలుంటాయి, జనం ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని పోతుంటారు, అంతే. కానీ బస్టాండు దగ్గర రోడ్డుకు అడ్డంగా పోయే తూము ఒకటుంది. పాక్కుంటూ తప్ప మనిషి దూరలేని సిమెంటు గొట్టం. ఏడాది పొడుగునా హోటళ్ల ఎంగిలాకులు, కొబ్బరి బొండాలు, టైరు ముక్కలు, ప్లాస్టిక్ కవర్లు అన్నీ అందులోకే చేరి గట్టిపడతాయి. ఆ గడ్డను పారతో కదిలిస్తే అడుగు నుంచి చెడుగాలి లేస్తుంది. ఆ గాలి తగిలితే మనిషి కేక వేసేలోపే సోలిపోతాడు. పిచ్చయ్య చిన్నాయన ఉదయగిరిలో అలాగే పోయాడు. బయటున్నవాళ్లు బీడీలు కాల్చుకుంటూ, లోపల పని నడుస్తోందనే అనుకున్నారు.

అప్పటినుంచి పిచ్చయ్య ఒక పద్ధతి పెట్టుకున్నాడు. నడుముకు తాడు కట్టుకుని లోపలికి పోతాడు. పోయిన దగ్గర్నుంచి పాడుతూనే ఉంటాడు. అన్నీ చర్చిలో పాడే పాటలే. పాట వినిపిస్తున్నంతసేపూ మనిషి బాగున్నట్టు లెక్క. పాట ఆగిందా, ఇంకేమీ అడక్కుండా తాడు లాగేయాలి. ఆ తాడు పట్టుకునేది రెబెకమ్మ. ఇంకొకరి చేతికి ఇవ్వడానికి అతను ఒప్పుకోడు.

నిజం చెప్పాలంటే పిచ్చయ్యది వినదగ్గ గొంతు కాదు. ఆదివారం అతని పక్కన కూర్చోవడానికి జనం జంకుతారు. రాగం ఒకదారి, తనొకదారి. అందరూ పాట ముగించి పుస్తకాలు మూశాక ఈయనగారు తీరిగ్గా ఆఖరి మాట సాగదీసి వదులుతాడు. పిల్లలు కిసుక్కున నవ్వుతారు. రెబెకమ్మకు తల ఎత్తబుద్ధి కాదు. అలాంటిది తూము నోటి దగ్గర కూర్చున్నప్పుడు ఆ గొంతు కోసమే చెవులు రిక్కించుకుని ఉంటుంది.

ఆ ఏడు బంగాళాఖాతంలో వాయుగుండం పడిందని రేడియోలో చెప్పారు. మేస్త్రీ వెంకటరమణ లూనా మీద వచ్చి, బస్టాండు తూము రెండ్రోజుల్లో అయిపోవాలని చెప్పి పోయాడు. బుధవారం పొద్దున పిచ్చయ్య చొక్కా విప్పి తాడు కట్టుకుంటుంటే రెబెకమ్మ ఆ తాడు కొస పట్టుకుని ఆపింది.

"సుజన నాయనా, ఈ ఏడుకి ఒద్దులే. నాకెందుకో గుండె దడగా ఉండాది."

"ప్రతి ఏడూ నీకు దడే. పోయినేడు తూము పూడిపోతే నీళ్లు యాడికొచ్చినాయి? మన పాలెంలోకే గదా. బిడ్డ సుజనని మంచం మీద నిలబెట్టుకోని ఏడ్చినావే, మరిచిపోయినావా?"

పిచ్చయ్య పార తీసుకుని గొట్టంలోకి దూరాడు. ముందు తల, తర్వాత నడుము, ఆఖరికి బురద కొట్టుకున్న పాదాలు లోపలికి వెళ్లిపోయాయి. పాట మొదలైంది. గొట్టంలో గొంతు మైకులో పెట్టినట్టు మారుమోగింది. తోటి పనివాడు మస్తానయ్య, బయటికొచ్చిన బురదను తట్టలోకెత్తి అవతలి గుంతలో పోయడానికి పోయాడు. రెబెకమ్మ తాడు రెండు చేతులకూ చుట్టుకుని కూర్చుంది.

సరిగ్గా అప్పుడే స్త్రీల కూడికకు పోతూ పాస్టరమ్మ సుధారాణి, ఆమె వెంట ఏడెనిమిది మంది ఆడవాళ్లు అటుగా వచ్చారు. తెల్ల చీరలు, చంకల్లో బైబిళ్లు. మామూలుగా అయితే బురద కుప్పలు చూడగానే అవతలి వైపు నుంచి పోయేవాళ్లే. ఆరోజు పాట విని ఆగారు. అది పాస్టరమ్మకు చాలా ఇష్టమైన పాట.

"మన పిచ్చయ్య గదా. చూడండమ్మా, బురదలో ఉండి కూడా దేవుణ్ణి మరవలేదు" అని ఆమె గొంతు కలిపింది. మిగతావాళ్లూ కలిపారు. ఎస్టీడీ బూతు ముందు నిలబడ్డవాళ్లు కూడా తిరిగి చూశారు.

రెబెకమ్మ ఉబ్బిపోయింది. అబద్ధమెందుకు, ఆమె జన్మలో ఎప్పుడూ అంత గర్వపడలేదు. చర్చిలో అందరూ నవ్వే గొంతు వెంట ఇవాళ పాస్టరమ్మే పాడుతోంది.

"రెబెకమ్మా, నువ్వేంది నోరు మూసుకోని కూర్చున్నావు? పాడమ్మా" అంది సుధారాణి.

రెబెకమ్మ పాడింది. పాట అందుకుంటే ఆ పాలెం ఆడవాళ్లకు కళ్లు వాటంతటవే మూతపడతాయి, చేతులు వాటంతటవే చప్పట్లకు లేస్తాయి. చిన్నప్పటి అలవాటు. చప్పట్లకు చేతులు కావాలి కాబట్టి ఆమె తాడు విప్పి కాలికింద వేసి తొక్కిపట్టింది. కళ్లు మూసుకుంది. పల్లవి రెండుసార్లు తిరిగింది. ఒక చరణం, ఇంకో చరణం. మనసు తేలికైపోయింది. పొద్దుటినుంచి పట్టుకున్న దడ ఎటు పోయిందో తెలియలేదు.

పాట ముగిసింది. ఆడవాళ్లు ఆగారు. రెబెకమ్మ కళ్లు తెరిచి, అలవాటు కొద్దీ, వెనకబడి వచ్చే ఆ ఆఖరి మాట కోసం చూసింది.

రాలేదు.

"భలే పాడినాడమ్మా" అంటోంది ఎవరో.

"నోరు మూయండి" అంది రెబెకమ్మ. పాస్టరమ్మ ముందు జన్మలో అనని మాట. అందరూ నిలువుగుడ్లేసి చూశారు. ఆమె బోర్లా పడి గొట్టంలో తల పెట్టింది. చీకటి, కంపు. ఎక్కడో బొట్టు బొట్టుగా నీళ్లు కారుతున్న చప్పుడు. పాట లేదు, పార చప్పుడూ లేదు. "సుజన నాయనా" అని పిలిస్తే తన గొంతే తిరిగొచ్చింది.

తాడు లాగింది. కొంచెం వచ్చి బిగుసుకుపోయింది. గొట్టాలు కలిసే అంచు దగ్గర ఎక్కడో పట్టేసింది. ఒంట్లో బలమంతా పెట్టి లాగినా కదల్లేదు. "మస్తానా" అని అరిచింది. అతను తట్ట విసిరేసి పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరూ లాగారు. రాలేదు. అప్పుడు పాస్టరమ్మ చంకలోని బైబిలు పక్కనున్న ఆమె చేతికిచ్చి, తెల్ల చీరతోనే కాలవలోకి దిగి తాడు పట్టుకుంది. ఆమె వెనక మిగతావాళ్లంతా దిగారు. పాడిన నోళ్లన్నీ బిగుసుకుపోయి, ఊపిరి చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు.

తాడు ఒక్కసారిగా వదులైంది. తెగిందేమోనని రెబెకమ్మ ప్రాణం పోయినంత పనైంది. తెగలేదు. బరువుగా, మెల్లగా వచ్చింది. ముందు పాదాలు కనపడ్డాయి. అవి కదలడం లేదు.

పిచ్చయ్యను గట్టు మీదికి తెచ్చి వెల్లకిలా పడుకోబెట్టారు. పెదాలు నల్లబడి ఉన్నాయి. మస్తానయ్య నోట్లోని బురద వేలితో తీసి, బోర్లా తిప్పి వీపు మీద చరిచాడు. మళ్లీ చరిచాడు. రెబెకమ్మకు ఏడుపు కూడా రాలేదు. ఆ వీపునే చూస్తూ కూర్చుంది. ఎంతసేపటికో వీపు ఒకసారి ఎగిసింది. పిచ్చయ్య నల్లటి నీళ్లు కక్కి, గురకలాంటి ఊపిరి పీల్చాడు.

ఆసుపత్రిలో సూదేసి, సాయంత్రానికి ఇంటికి పంపారు. పాలెమంతా వచ్చి చూసి పోయింది. పాస్టరమ్మ ప్రార్థన చేసి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లింది. అందరూ పోయాక పిచ్చయ్య గంజి తాగుతూ నెమ్మదిగా అడిగాడు.

"కళ్లు తిరగతానే పాట ఆపేసినా. నువ్వు లాగతావని చూసినా. తాడు కూడా గుంజినా మే. ఎందుకు లాగలా?"

ఆడవాళ్ల గోలలో వినపడలేదని చెప్పవచ్చు. పాస్టరమ్మ పాడమందని చెప్పవచ్చు. రెండూ నిజాలే. రెబెకమ్మ నేలచూపులు చూస్తూ, "నేనూ పాడతా ఉన్నా. తాడు కాలికింద పెట్టుకోని చప్పట్లు కొడతా ఉన్నా" అంది.

పిచ్చయ్య గంజి గిన్నె కింద పెట్టాడు. తిడతాడని చూసింది. తిట్టలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండునని ఆమెకు రాత్రంతా అనిపించింది.

రెండ్రోజులకు తూర్పున ఆకాశం బొగ్గులా నల్లబడింది. తూములో ఇంకా సగం పూడిక అలాగే ఉంది. పిచ్చయ్య లేచి పార తీసుకున్నాడు. రెబెకమ్మ ఎంత మొత్తుకున్నా వినలేదు. తూము దగ్గరికొచ్చాక తాడు కట్టుకుని, రెండో కొస ఆమె చేతికే ఇచ్చాడు. ఆమె పాము మీద చెయ్యి పడ్డట్టు వెనక్కి తీసుకుంది.

"మస్తానుకియ్యి. నీకు దండం పెడతా. నా చేతికొద్దు."

"మస్తాను మంచోడే. కానీ వాడికి నీ అంత భయం లేదు" అన్నాడు పిచ్చయ్య. "ఈ ఊరు మొత్తానికీ ఈ రోజు నా పాట కోసం నీ మాదిరి చెవి పెట్టుకోని ఉండేది ఇంకెవురు? పట్టుకో."

రెబెకమ్మ తాడు అందుకుని, మణికట్లకు మెలికలు పడేలా చుట్టుకుంది. అతని పాదాలు గొట్టంలోకి పోతుంటే చూడలేక తల తిప్పుకోబోయి, తిప్పుకోకుండా చూసింది. లోపల పిచ్చయ్య అదే పాట ఎత్తుకున్నాడు, అదే తప్పు రాగంలో. రోడ్డు మీద పోయే ఒకామె ఆగి, "వదినా, అన్నకు బాగుండాదా?" అని అడిగింది. రెబెకమ్మ అటు చూడలేదు, పలకలేదు. పైట కొంగు ఉండ చేసి నోట్లో కుక్కుకుని, పళ్లు బిగించి, తాడు మీదికి వంగి కూర్చుంది.