పాతరలోకి దించిన దీపం

2019 అక్టోబరు పదమూడు, ఆదివారం, ఉదయం ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు. రాత్రి మొదలైన వాన తెల్లవారుజామున వెలిసింది. ఆకాశం ఇంకా మబ్బుగానే ఉంది. గాలి బొత్తిగా లేదు. అప్పటికి జరగవలసినదంతా జరిగిపోయింది, ఒక్కటి తప్ప.

గండికోటకు పోయే దారిలో, మైలవరం జలాశయానికి ఎదురుగా ఉన్న తాతల నాటి రాతి ఇంటిని ఈశ్వర్ అతిథుల బసగా మార్చాడు. బెంగళూరు నుంచి వచ్చేవాళ్లు లోయను చూసి వచ్చి, సాయంత్రం అరుగు మీద కూర్చుని, ఈ నీళ్లు సముద్రంలా ఉన్నాయనేవారు. అయితే వాళ్లను అన్నిటికన్నా ఆకట్టుకున్నది ముంగిట ఉన్న పాతర. నేలలోకి తవ్విన ధాన్యపు గొయ్యి అది. నోరు ఇరుకు, కడుపు వెడల్పు. ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్న దానిలో ఈశ్వర్ ప్రదర్శన కోసమే జొన్నలు పోయించాడు. రోజూ ఉదయం అతిథుల ముందు మూతబండ తీసి, తాడుకు కట్టిన ఆముదపు దీపాన్ని లోపలికి దించేవాడు. దీపం వెలుగుతూ ఉంటే మనిషికి చాలినంత గాలి ఉన్నట్టు, ఆరితే లేనట్టు. ఆ తరువాత తాను దిగి గంపెడు జొన్నలు తెచ్చేవాడు. భార్య నాగలత వాటిని తిరగలిలో విసిరి రొట్టెలు చేసేది. చిన్నతనంలో తండ్రి దిగేముందు ఆ తాడు పట్టినవాడు ఈశ్వరే. దీపం ఎందుకో అతనికి తెలియక కాదు.

ఆ వేసవిలో ముంగిట కొత్త బండలు పరిపించాడు. చూపుకు బాగున్నాయి గాని, వాలు పాతర వైపుకు తిరిగింది. సెప్టెంబరు వానలకు నీరు లోపలికి ఊరింది. తడిసిన గింజ మూసిన గొయ్యిలోని గాలిని తినేస్తుంది.

నెలాఖరున దీపం రెండుసార్లు ఆరిపోయింది. రెండోసారి అతిథులు నవ్వారు. తమాషా చెడిందని ఒకరు ఇంటర్నెట్‌లో రాశారు. ఈశ్వర్ ఆ రెండు రోజులూ దిగలేదు. వత్తి మార్చాడు, నూనె మార్చాడు. కొన్నాళ్లు మూసి పెట్టమని తల్లి చిన్నసుబ్బమ్మ చెప్పింది.

"గాలికి ఆరిందిలే మా," అన్నాడు.

"గొయ్యిలోపల గాలి యాడిదిరా?"

అతను నవ్వేశాడు. ప్రొద్దుటూరు వెళ్లి, ఇత్తడి ప్రమిదలాగే కనిపించే బ్యాటరీ దీపం కొనితెచ్చాడు. దాని వెలుగు నిజమైన మంటలాగే కదులుతుంది.

ఆ ఆదివారం దానిని మొదటిసారి దించాడు. చిన్నసుబ్బమ్మ దొడ్లో మేకలకు మేత వేస్తోంది. అభిరామ్ అనే అతిథి ఫోనులో వీడియో తీస్తున్నాడు.

"చూసినారా సార్, దీపం వెలుగుతాంది," అన్నాడు ఈశ్వర్. "ఆరిపోతే మాత్రం మా తాత గూడా దిగేవాడు గాదు."

చెప్పినది నిజం. చెప్పి, నిచ్చెన దిగాడు. తల నేల మట్టానికి కిందికి పోయాక చేతిలోని గంప జారింది. కేక వినబడలేదు. గింజలు ఎత్తడానికి కూర్చున్నాడని అభిరామ్ అనుకున్నాడు. నాగలత రెండుసార్లు పిలిచి, బదులు రాకపోయేసరికి నిచ్చెన మీద కాలు పెట్టింది.

ఆ పిలుపుకు వచ్చిన చిన్నసుబ్బమ్మ లోపలికి తొంగిచూసింది. కొడుకు పక్కకు ఒరిగి ఉన్నాడు. అతని చెంప పక్కన దీపం వెలుగుతోంది. ఆమె కోడలి కొంగును తన మణికట్టుకు చుట్టుకుని వెనక్కి లాగి, బండల మీద కూలబడింది.

"ఇడ్సు అత్తా, ఆయన ఊపిరి పీలుస్తాండాడు."

"పీల్చేకి ఆడ ఏమీ లేదు. నువ్వు దిగితే ఇద్దరు పోతారు."

నాగలత కొట్టింది, కరిచింది. చిన్నసుబ్బమ్మ వదలలేదు. అభిరామ్ నిచ్చెన దగ్గరికి పోబోతే, అతన్నీ ఆపి ఫోను చేయమంది. జమ్మలమడుగు నుంచి అగ్నిమాపక సిబ్బంది వచ్చి, ముసుగులు తగిలించుకుని దిగి ఈశ్వర్‌ను పైకి తెచ్చేవరకూ ఆ కొంగు ఆమె మణికట్టుకే ఉంది. అప్పటికి అతనిలో ప్రాణం లేదు. దీపాన్ని ఎవరో తీసి, మీట నొక్కి ఆర్పారు.

నాగలత ఆ నెలలోనే పులివెందులలోని పుట్టింటికి వెళ్లిపోయింది. 2024లో చిన్నసుబ్బమ్మ చనిపోయినప్పుడు కబురు అందినా ఆమె రాలేదు.