ముద్ర పడని కాగితం

నేను ఒక ఇంకు ప్యాడ్‌ను. అరచేయంత రేకు డబ్బా, లోపల గుడ్డ, గుడ్డ నిండా ఊదారంగు సిరా. పట్నంలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. మొదట దస్తావేజులు రాసే ఒకాయన నన్ను కొన్నాడు. ఆయన చదివి వినిపించేది ఒకటి, కాగితం మీద ఉండేది ఇంకొకటి. వేళ్ళు మాత్రం నిజమైనవే. చదువుకున్నవాళ్ళు నన్ను తాకాక చెయ్యి తుడుచుకుంటారు. చదువు రానివాళ్ళు తాకేముందు తుడుచుకుంటారు. ఎందుకో నాకిప్పటికీ తెలియదు.

ఆయన దుకాణం ఎత్తేశాక పాత సామానుతో పాటు తండా బడికి చేరాను. అక్కడ ఒకటో తరగతి టీచరు శశిరేఖ. పిల్లలు ఇంట్లో మాట్లాడేది లంబాడీ, పుస్తకంలో ఉన్నది తెలుగు. అందుకని ఆమె ఒక పద్ధతి పెట్టింది. శనివారం నాడు ఒక తల్లో, నాయనమ్మో వచ్చి తమ భాషలో కథ చెప్పాలి. ఆ మాటలనే ఆమె తెలుగు అక్షరాల్లో రాస్తుంది, పిల్లలు చదువుతారు. కింద కథ చెప్పినవాళ్ళ సంతకం, అది రాకపోతే వేలిముద్ర.

ఆ శనివారం ద్వాలీబాయి వచ్చింది. కథ కోసం కాదు, మనవరాలు జమునను బడి మాన్పించి తీసుకుపోవడానికి. సోమవారం ఇల్లంతా మిర్చి ఏరడానికి వలస పోతోంది.

"బడి తెరిచినప్పటి సంది వస్తనే ఉంది. ఒక్కమాట మాట్లాడిందా మేడం? మిర్చితోటల కూసోబెట్టినా గిట్లనే కూసుంటది."

"మాట్లాడదు గానీ, అక్షరాలు గుర్తుపడుతుందమ్మా. వచ్చావు కదా, ఒక్క కథ చెప్పి పో."

తండా నాయకుడి తలపాగా నమిలేసిన మేక కథ చెప్పింది ద్వాలీబాయి. పిల్లలు పడీపడీ నవ్వారు. జమున పెదవి మాత్రం కదల్లేదు. శశిరేఖ రాయడం ముగించి నా మూత తీసి ముందుకు జరిపింది.

ద్వాలీబాయి బొటనవేలు గుప్పిట్లోకి పోయింది.

"మా మామ గిట్లనే ఏలు పెట్టిండు. బావి తవ్విచ్చే కాయితం అన్నరు. పొద్దుగాల చూస్తే చేను మాది కాదు."

"ఇది నువ్వు చెప్పిన కథేనమ్మా. చదువుతా, విను."

"నువ్వు సదవకు. ఆ కాయితం రాసినాయన గూడ సదివే ఇనిపిచ్చిండు."

సిగ్గుతో నా సిరా గడ్డకట్టినంత పనైంది. అలాంటి వేళ్ళు నా మీద ఎన్ని పడలేదు!

ఆమె జమునను దగ్గరికి లాక్కుని, ఉన్నది ఉన్నట్టు చదవమని తమ భాషలో చెప్పింది. పిల్ల నాయనమ్మ గుప్పిట వైపు చూసింది. కాగితం వైపు చూసింది. ద్వాలీబాయి కాగితాన్ని పిల్ల ముందుకు జరిపింది. ఈ పిల్ల కూడా చదవలేకపోతే ఇక ఆ ఇంట్లో కాగితాన్ని నిలదీసేవాళ్ళు లేరు.

జమున వేలు మొదటి అక్షరం మీద ఆనింది. ఒక అక్షరం వినబడింది. తర్వాత మాట. తలపాగా దగ్గర ఆగిపోతే వెనక నుంచి ఎవడో అందించబోయాడు.

"నువ్వాగు పోరగా! నువ్వెవల దిక్కో నాకేమెరుక?" అని కసిరింది ద్వాలీబాయి.

జమున తడబడుతూ, కూడబలుక్కుంటూ చివరిదాకా చదివింది.

"గంతేనా? కింద ఇంటి జాగ పేరేమన్న ఉందా?"

"లేదు దాదీ. మేక తిన్నది. గంతే."

ద్వాలీబాయి కాగితాన్ని టీచరు చేతికిచ్చింది. "నేనైతే ముద్ర ఎయ్య మేడం. కథ ఉంచుకో" అంది. గుమ్మం దాకా పోయి తిరిగింది. "పోరిని గూడ ఉంచుకో. కొడుకు, కోడలు పోతరు. నేను దీని తోడు ఉంట. ఇంట్ల కాయితం సదివే మనిషి ఒక్కరన్న ఉండాలె."

ఇప్పుడు నా గుడ్డ ఎండిపోయింది. కిటికీ దగ్గర కాగితాలు ఎగరకుండా బరువుగా ఉన్నాను. ద్వాలీబాయి ప్రతి శనివారం వస్తుంది. ఆ కథలో కొత్తగా ఏ పంక్తయినా చేరిందేమోనని జమునతో మొదటి నుంచీ చదివించుకుంటుంది. చేరలేదని తేలాక కూడా, కాగితం తిప్పి వెనకవైపు చూస్తుంది.