నీలంగా కనిపించిన కిటికీలు

"కాస్త పక్కకి జరుగు, టీవీ కనపడటం లేదు."

అన్నాడు విద్మంతస్, మా ఆయన. నేను స్టూలెక్కి, చెంచా కాడతో కిటికీ సందుల్లో దూది కూరుతున్నాను. ఎటు జరగను? దూది అయ్యాక పాత దుప్పటి పీలికల్ని బట్టల సబ్బు నీళ్ళలో తడిపి సందుల మీద అంటించాలి. చలి పోయాక అన్నీ ఊడదీసి, ఉతికి దాచాలి. షౌలై ఊళ్ళో మా ఐదంతస్తుల పాత బిల్డింగులోకి కాపురానికొచ్చిన నాటి నుంచీ, చలి మొదలయ్యే ముందు నాకిదే పని. అదీ బడి వంటగదిలో పొద్దంతా నిలబడి వచ్చాక. మా అత్తగారు బతికున్నప్పుడు కిటికీల వంక చూసేది కాదు, సబ్బు వంక చూసేది. "మళ్ళీ అయిపోయిందా, దాంగువోలె? తింటున్నావా ఏం?" అని నన్ను పేరు పెట్టి అడిగేది. విద్మంతస్ నవ్వేవాడు. నాకు ఒళ్ళు మండేది, కానీ చేతులు తడిగా ఉండగా ఎవరితో పోట్లాడతాం?

ఫిబ్రవరిలో బిల్డింగు వాళ్ళందరం బడి హాల్లో కూర్చున్నాం. చలి ఆగేలా గోడలకి బయట మందపాటి పొర వేసి, కిటికీలన్నీ మారుస్తారట. సగం కంటే ఎక్కువ ఇళ్ళు ఒప్పుకోవాలి, నెలనెలా కొంత కట్టాలి. చివరింటి స్తాసె పిన్ని ముందు వరసలో కూర్చుంది. వాళ్ళ గోడంతా బూజు, మనవరాలికి దగ్గు తగ్గదు. "నువ్వు మాత్రం ఔనని చెప్పమ్మా," అని వచ్చేటప్పుడు మెట్ల మీద నా చెయ్యి పట్టుకుని అడిగింది. మా ఇంటి తరఫున చెయ్యెత్తేది ఎప్పుడూ ఆయనే అని చెప్పడానికి నాకు సిగ్గేసింది.

ఇంజినీరు ఔస్తేయా, మా అమ్మాయి వయసుంటుంది, వేడిని పట్టే కెమెరాతో తీసిన ఫొటో తెర మీద వేసింది. వేడి బయటికి పోయే చోట ఎరుపు. కిటికీలన్నీ ఎర్రగా మండుతున్నాయి, మూడో అంతస్తులో రెండు తప్ప. అవి నీలంగా ఉన్నాయి.

"ఈ ఇల్లెవరిది? ఏం చేశారు?" అంది.

విద్మంతస్ లేచాడు. "మాదే. ఏమీ చెయ్యలేదు. మా ఇంట్లో చలే ఉండదు. పాత కిటికీలు గట్టివమ్మా, అనవసరంగా మమ్మల్ని ముంచకండి."

హాలంతా గుసగుసలు. "నిజమే, వాళ్ళకి అక్కర్లేనిది మనకెందుకు?" అన్నారు వెనకెవరో. స్తాసె పిన్ని తల దించుకుంది. నేను చేసిన చాకిరీయే ఆవిడకి అడ్డం పడుతోందని అప్పుడు తెలిసింది నాకు. నేనూ లేచాను.

"ఆయన చెప్పింది నిజమే," అన్నాను. "ఆయన ఏమీ చెయ్యలేదు. దూది కూరింది నేను, పీలికలు అంటించింది నేను. ఇన్నేళ్ళూ."

ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. విద్మంతస్ నా మోచెయ్యి లాగాడు. "కూర్చో. అందరి ముందూ ఇదేం గోల?"

మా ఇంటి తరఫున నేనే చెయ్యెత్తాను, మా ఇల్లు ఒప్పుకుంటోందని. ఆ చెయ్యి అలాగే ఉంచి, ఔస్తేయా వైపు తిరిగాను.

"వచ్చే చలికాలం మళ్ళీ ఫొటో తియ్యమ్మా. కొత్త కిటికీలు రాకపోతే, మావీ ఎర్రగానే ఉంటాయి."