పన్నెండో ఉలి

బోర్డు మీద పదకొండు ఉలులే ఉన్నాయి.

వడ్రంగి మళ్ళీ లెక్కపెట్టాడు. పదకొండే. అరంగుళం ఉలి ఉండాల్సిన చోట, తను పనిలో చేరిన మొదటి వారంలో నల్లరంగుతో గీసిన దాని ఆకారం మాత్రం మిగిలింది.

సాయంత్రం ఐదు. షెడ్డులో ఆరుగురు మనుషులు, నలభై బడి బల్లలు, మోకాళ్ళ దాకా రంపపు పొట్టు. తెల్లారేసరికి బల్లలు లారీ ఎక్కాలి కాబట్టి పొద్దుటినుంచి ఎవరూ నడుం వాల్చలేదు. కొందరు అప్పుడే పని చొక్కాలు విప్పి ఇంటి చొక్కాలు వేసుకుంటున్నారు.

"ఏంటయ్యా, నీ సర్దుడు ఇంకా అవలేదా?" అన్నాడు యజమాని, తాళంచెవి వేలికి తిప్పుకుంటూ.

"ఒక ఉలి తక్కువైంది సార్. అరంగుళంది."

"కొత్తదా? ఎవరు తీశార్రా? అది దొరికేదాకా ఒక్కడు కదలడానికి లేదు."

ఆయన మాటవరసకి అన్నాడు. రంపం మిషను మీద పనిచేసే పొడుగాయన బొత్తాలు పెట్టుకుంటూ, "నా జేబులో చూడండి సార్, దువ్వెన పక్కన ఉంటుంది" అన్నాడు. అందరూ నవ్వారు.

అంతలో నవ్వు ఆగిపోయింది.

వడ్రంగి గోడ దగ్గరికి వెళ్ళాడు. రెండు అరచేతులూ తల కన్నా పైన గోడకి ఆనించాడు. కాళ్ళు ఎడం చేశాడు. చెంప గోడకి తాకేలా తల పక్కకి తిప్పి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు.

అతను కావాలని చేసింది కాదు. ఏడేళ్ళు జైలు వర్క్‌షాపులో, పనిముట్టు ఒకటి తగ్గిందంటే గంట మోగేది, మోగగానే అందరూ గోడకి అతుక్కునేవారు. ఒకసారి చిన్న స్క్రూడ్రైవరు కోసం పద్నాలుగు గంటలు అలా నిలబడ్డారు. ఆ రోజు ఒక ముసలాయన నిలబడిన చోటే పడిపోయాడు. స్క్రూడ్రైవరు చివరికి గార్డు డ్రాయర్లో దొరికింది. "దొరికేదాకా ఒక్కడు కదలడానికి లేదు" అన్న మాట చెవినపడితే చేతులు వాటంతటవే లేస్తాయి. తల వాటిని అడ్డుకునేలోపే ఆలస్యమైపోతుంది.

కళ్ళు తెరిచేసరికి ఐదుగురూ తననే చూస్తున్నారు. అతను మెల్లగా చేతులు దించాడు. అరచేతులకి సున్నం అంటింది.

"ఎన్నేళ్ళు?" అన్నాడు యజమాని.

జైలు నుంచి వదిలాక అతన్ని కనిపెట్టుకునే ప్రొబేషన్ ఆఫీసరమ్మ ముందే చెప్పింది. అడగకపోతే చెప్పకు, అడిగితే దాచకు.

"ఏడేళ్ళు సార్."

"దేనికి?"

"కూలి దగ్గర మాటా మాటా పెరిగింది. పరంజా మీద నుంచి ఒకాయన్ని తోశాను. చచ్చిపోయాడు."

వార్నిష్ కొట్టే పాలిష్ తాత చేతిలో బ్రష్షు అలాగే ఉండిపోయింది. పొడుగాయన ఎందుకో తన క్యారేజీ తీసుకుని చంకలో పెట్టుకున్నాడు.

"నువ్వు తీశావని నేననట్లేదు. పనిలో నీకు వంక పెట్టేవాడు లేడు. అందుకే మిగతావాళ్ళకి ఎనిమిది వందలైతే నీకు ఆరొందలిస్తున్నా నోరెత్తలేదేంటా అనుకున్నాను. ఇప్పుడర్థమైంది. కానీ ఇవి బడి బల్లలయ్యా. ఆ హెడ్మిస్ట్రెస్‌కి తెలిస్తే నా గతేం కాను? రేపటి నుంచి రాకు."

"రెండు రోజులు సార్. శనివారం దాకా ఉంచండి చాలు. కూలి ఇవ్వకపోయినా పర్లేదు, చీటీ ఇవ్వండి."

ఇది ఎనభై ఎనిమిదో రోజు. శిక్ష ఇంకా రెండున్నరేళ్ళు ఉండగా షరతు మీద వదిలారు. తొంభై రోజులు ఒకేచోట, తెగకుండా, ఏ ఫిర్యాదూ రాకుండా పని చెయ్యాలి. వారం వారం కూలి చీటీ తెచ్చి ఆఫీసులో ఇవ్వాలి. పదమూడు చీటీలు పడితే మిగతా శిక్ష రద్దు. ఒకటి తగ్గినా తిరిగి లోపలికే. పన్నెండు పడ్డాయి.

యజమాని తాళంచెవి తిప్పడం మానేశాడు. కాసేపు బల్లల వైపు చూశాడు.

"వెళ్ళు," అన్నాడు.

*

ప్రొబేషన్ ఆఫీసు రెండో అంతస్తులో. ఆఫీసరమ్మ అప్పటికే బీరువాకి తాళం వేసి, చేతిసంచి భుజానికి తగిలించుకుంది. అతను మెట్లన్నీ పరుగున ఎక్కొచ్చి తలుపు బయట ఆగిపోయాడు. తలుపు తెరిచే ఉంది. ఎవరైనా రమ్మంటే గానీ అతను ఏ గడపా దాటలేడు.

"లోపలికి రావయ్యా. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

జరిగింది విన్నాక ఆమె సంచి మళ్ళీ బల్ల మీద పెట్టింది. ఆమె కింద నూట నలభై మంది ఉన్నారు. నూట నలభై ఫైళ్ళు, ఒక కుర్చీ, గాలి రాని ఫ్యాను.

"చీటీ లేకుండా కంప్యూటరు తీసుకోదు. నేను రాసినా తీసుకోదు," అంది. చాలాసేపు పేపరు వెయిట్‌ని అటూ ఇటూ దొర్లించి, ఉన్నట్టుండి అంది: "నిరుడు నన్ను వేరే దేశం పంపించారు, అక్కడి జైళ్ళు చూసి రమ్మని. ఒకదాంట్లో వడ్రంగి షెడ్డు ఉంది. ఖైదీల చేతుల్లో ఇంతింత కత్తులు. ఏ గొలుసూ లేదు."

"పనిముట్లు లెక్కపెట్టరా మేడమ్?"

"పెడతారు. నేనున్న రోజే ఒకటి తగ్గింది. అందరూ కలిసి వెతికారు. గార్డు కూడా మోకాళ్ళ మీద కూర్చుని, బల్లల కింద దూరి వెతికాడు. ఆ గార్డు మధ్యాహ్నం వాళ్ళతోనే భోంచేశాడు."

అతనికి ఆ బొమ్మ కళ్ళముందుకి రాలేదు. గార్డు మోకాళ్ళు ఎలా ఉంటాయో అతనెప్పుడూ చూడలేదు.

"వచ్చేటప్పుడు ఇంకో దేశంలో కూడా ఒకటి చూపించారు. అక్కడ మనకన్నా ఘోరం. ఒక్కో హాల్లో ఎనభై మంది. గోడలు మాత్రం బ్రహ్మాండం. ఆ మొదటి చోట పదిమందిని వదిలితే ఇద్దరు తిరిగొస్తారట. రెండో చోట ఆరుగురు."

"మన దగ్గర ఎంతమంది మేడమ్?"

"మన దగ్గర ఆ లెక్క రాయరు." ఆమె నవ్వబోయి మానేసింది. "నలభై పేజీల నివేదిక ఇచ్చాను. పై ఆఫీసులో దాని మీద టీ గ్లాసు పెట్టుకుంటున్నారు."

"ఇవాళ మా షెడ్డులో ఎవరూ వెతకలేదు మేడమ్," అన్నాడతను. కాస్త ఆగి, "నేను కూడా వెతకలేదు. గోడ దగ్గరికెళ్ళిపోయాను," అన్నాడు.

ఆమె తెల్లకాగితం మీద రెండు వాక్యాలు రాసి అతని వైపు తోసింది. "ఇది పట్టుకెళ్ళు. పని తగ్గి తీసేశానని మీ యజమానితో ఇలా రాయించుకురా. నీ తప్పు లేదని ఉంటే పదిహేను రోజులు గడువు అడగొచ్చు. రేపు పన్నెండులోపు తేవాలి. ఆ తర్వాత నా చేతిలో ఏమీ ఉండదు."

*

పొద్దున్నే అక్క లేచేసరికి అతను మంచం పక్కన నేల మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. రోజూ అంతే. జైల్లోలాగే ఐదింటికి లెక్కకి కూర్చోవడం.

"ఒకటి. సరిపోయింది. లే ఇంక," అంది అక్క, రోజూ అన్నట్టే. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే ఆమె చేతులు మోచేతుల దాకా పాలిపోయి ఉంటాయి. ఆ చేతులతోనే అతని చొక్కా ఇస్త్రీ చేసింది. సంగతి రాత్రే విన్నది. ఏడవలేదు.

"ఏడేళ్ళు నెలనెలా నిన్ను చూడ్డానికొచ్చాను. ఆ దారి నా కాళ్ళకి కంఠతా వచ్చేసింది," అంది. "మళ్ళీ నన్ను నడిపించకురా. నా వల్లకాదు."

"నడిపించనక్కా."

"కాళ్ళు పట్టుకోమంటే పట్టుకో. ఏం రాయమంటే అది రాయి. ఆయన చేత ఆ కాగితం మీద సంతకం పెట్టించుకునే రా."

*

లారీ అప్పుడే వెళ్ళిపోయినట్టుంది, షెడ్డు ముందు చక్రాల గుర్తులు పచ్చిగా ఉన్నాయి. అతను గుమ్మం దగ్గర ఆగాడు. లోపల్నుంచి పాలిష్ తాత గొంతు వినిపించింది.

"నేనేనండీ బాబూ. వార్నిష్ డబ్బా మూత రాకపోతే దాంతో లేపాను. అక్కడే డబ్బాల వెనక పెట్టి మర్చిపోయాను. ముసలి బుర్ర. తెల్లారి లారీ ఎక్కించేటప్పుడు కనబడింది."

బల్ల మీద అరంగుళం ఉలి ఉంది. అంచుకి వార్నిష్ ఎండి అంటుకుంది. దాన్ని చూడగానే వడ్రంగి ఎవరూ పిలవకుండానే లోపలికి వచ్చేశాడు.

యజమాని అతన్ని చూసి కుర్చీ లాగాడు. "కూర్చోవయ్యా," అన్నాడు. మూడు నెలల్లో ఆ మాట మొదటిసారి అన్నాడు. అతనికి అదే భయమేసింది. ఆఫీసరమ్మ రాసిచ్చిన కాగితం తీసి ఆయన ముందు పెట్టాడు.

"చూడు, నిన్న నువ్వెళ్ళాక నాకు నిద్ర పట్టలేదు. అద్దె బాకీ ఎగ్గొట్టినవాడివి కాదు, మనిషిని చంపినవాడివి కదా. ఎందుకైనా మంచిదని రాత్రి స్టేషన్‌కి ఫోన్ చేశాను. ఫలానావాడు పనిచేస్తున్నాడు, ఉలి పోయింది అని చెప్పాను. వాళ్ళు రాసేసుకున్నారు."

"దొరికింది కదండీ," అన్నాడు వడ్రంగి.

"దొరికిందని పొద్దున్నే చెప్పాను. అయితే తప్పుడు ఫిర్యాదు ఇచ్చావా అని నా మీదే లేచాడు ఫిర్యాదులు రాసుకునే ఆ రైటరు. కేసు పెడతానన్నాడు. చివరికి వాడే దారి చెప్పాడు." యజమాని జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. "నువ్వు తీసి, మళ్ళీ తెచ్చిచ్చావని సంతకం పెట్టు. నేను రాజీ అని పెడతాను. ఫైలు మూసేస్తారు. నీకు కావాల్సిన ఉత్తరం నేనిస్తాను, నీ మీద ఒట్టు. ఇద్దరం బయటపడతాం."

"దొంగతనం చేశానని సంతకం పెడితే నన్ను లోపల పెడతారు సార్. వదిలిన కాగితంలో కొత్త నేరం ఉండకూడదన్నదే మొదటి షరతు."

"పెట్టకపోతే? ఫిర్యాదు ఉంది కదా. అప్పుడూ పెడతారు. సంతకం పెడితే ఉత్తరమైనా చేతికొస్తుంది. పదింటికి కానిస్టేబుల్ వస్తున్నాడు, తొందరగా తేల్చు."

ఆయన చెప్పింది తప్పు కాదు. వడ్రంగి దాన్ని అటునుంచీ ఇటునుంచీ ఆలోచించాడు. రెండు తలుపులూ ఒకే గదిలోకి తెరుచుకుంటున్నాయి. అక్క ఏం రాయమంటే అది రాయమంది. గోడ మీద గడియారం పదికి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. పాలిష్ తాత తలొంచుకుని బ్రష్షు వెంట్రుకలు ఒక్కొక్కటే పీకుతున్నాడు.

పెన్ను అతని చేతిలో పెట్టారు. అతను కాగితం చదివాడు. 'నేను దొంగబుద్ధితో' అని మొదలైంది. పరంజా మీద నుంచి తోశానని కోర్టులో అడిగిన మొదటి రోజే ఒప్పుకున్నాడు. తను చేసింది కాబట్టి ఆ కాగితం మీద వెంటనే సంతకం పెట్టేశాడు. ఇప్పుడు పెన్ను కాగితం మీద ఆనడం లేదు.

పెన్నుకి మూత పెట్టి బల్ల మీద ఉంచాడు.

"నేను తియ్యలేదు సార్."

"తియ్యలేదని నాకూ తెలుసయ్యా. ఇప్పుడదా సమస్య?"

అతను ఉలి చేతిలోకి తీసుకుని, ఎండిన వార్నిష్‌ని గోరుతో గీకి, బోర్డు దగ్గరికి నడిచి, నల్లటి ఆకారం మీద సరిగ్గా కూర్చోబెట్టాడు. పన్నెండు.

బయట మోటారు సైకిలు ఆగింది. కానిస్టేబుల్ హెల్మెట్ తీస్తూ లోపలికి వచ్చాడు. చెమటలు కక్కుతున్నాడు, ఇంకా మూడు చోట్లకి వెళ్ళాల్సినవాడి తొందరలో ఉన్నాడు.

"సంతకం అయిందా?"

యజమాని కాగితం వైపు చూపించాడు. దాని కింది భాగం ఖాళీగా ఉంది.

"అయ్యా, ఆ ఉలి నేనే పెట్టి మరిచిపోయానండీ," అన్నాడు పాలిష్ తాత, లేచి నిలబడి. "అదిగో, ఉంది చూడండి."

"అదంతా స్టేషన్లో చెప్పుకో తాతా," అన్నాడు కానిస్టేబుల్. విసుగ్గా కూడా కాదు, రోజుకి పదిసార్లు అనే మాటలా అన్నాడు. తర్వాత వడ్రంగి వైపు చేత్తో చూపించాడు. "గోడ వైపు తిరుగు. చేతులు పైన."

వడ్రంగి భుజాలు కదిలాయి. నిన్నటి అరచేతుల గుర్తులు గోడ మీద ఇంకా అలాగే ఉన్నాయి, చెమట మరకలతో. అతని చేతులు వాటంతటవే నడుం దాకా లేచాయి. అక్కడే ఆగాయి.

"వినబడలేదా? తిరుగు."

అతను రెండు చేతులూ ముందుకు చాపాడు, మణికట్లు పైకి పెట్టి. కానిస్టేబుల్ మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు. గోడ వైపు మాత్రం తిరగలేదు.